చదువదగిన గ్రంథములు, చదువనీయని గృహములు

"మంచి పుస్తకముల పట్టిక యొకటి వ్రాసి యిండు" అని యడుగువారు మనలో అనేకులు కలరు. పెండ్లికూతునకు కానుకగా ఈయదగినవి యేవి, సెలవులలో పిల్లలచేత చదివింపదగినవి యేవి, ఉద్యోగము విరమించిన పెద్దలకు ప్రొద్దు పుచ్చుటకు తగినవి యేవి అని వేర్వేరుగా అడుగుదురు. ఇట్టి పట్టికలు పత్రికలలోను, సభలలోను విరివిగానే వెలువడుచున్నవి. వానిని కొంచెము శ్రద్ధతో పరిశీలించినచో ఒక విశేషము కానవచ్చును. ఆ పట్టికలలో భక్తిని పెంచు గ్రంథములు కలవు. ధనార్జనకు మార్గము చూపునవి కలవు. మనస్సును దిట్టపరచుకొని జయము పొందుమని వీపు తట్టునవి కుప్పలుగా కలవు. మనము నివసించు సంఘము ఎట్లు కట్టబడినది, మన పిల్లలకు ఏర్పరచిన చదువు చదువేనా, మనలను పాలించు ప్రభుత్వము ఎవరి మేలు కోరి నడచుచున్నది, మన యాచారములలో ఏది ఎప్పుడు ఎందులకు పుట్టినది అను ప్రశ్నలను అడుగు గ్రంథములు మాత్రము మచ్చునకైనను కానరావు.

ఇది ఏమరుపాటున జరిగినది కాదు. పట్టిక కోరువాడు గృహయజమానుడు. చదువవలసినవారు ఆతని భార్యాబిడ్డలు. తనను ప్రశ్నించుటకు నేర్పు పుస్తకమును తన డబ్బుతో కొని యింటికి తెచ్చువాడు అరుదు. కావున "మంచి పుస్తకము" అనగా చదివినవారిలో ఏ మార్పును కలిగింపని పుస్తకమని మనలో ఒక యర్థము స్థిరపడిపోయినది. ఛాందసులు ఈ యర్థమును పట్టుకొని వ్రేలాడుటలో వింత లేదు. సంస్కరణము నభిమానించు కుటుంబములు సయితము దీనిని అంగీకరించి ఊరకుండుటయే నా ఫిర్యాదు. భాగవతమును బీరువానుండి తొలగింపుడని నే ననుటలేదు. దానిని చదువునంత కాలము చదువుడు. కాని యింటిలో చిన్న తగవునైనను పుట్టింపని గ్రంథమును సంఘమునుగూర్చిన గ్రంథమని సిఫారసు చేయుటకు మాత్రము నా కలము సాగదు.

"ఇట్టి విషయములపై తెలుగులో గ్రంథములు లేవు గదా" అనునది మొట్టమొదట వినవచ్చు సమాధానము. ఈ మాట చెప్పువారు తెలుగు పుస్తకముల అంగడి మెట్లెక్కి యెన్నాళ్లయినదో ముందుగా అడుగవలెను. ఈ సాకు చెల్లకుండ చేసినవారు నూరేండ్లకు పూర్వమే కలరు. 1906 లో కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలగువారు హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. ఆ మండలి మొదట అచ్చువేసిన గ్రంథము పురాణము కాదు, ప్రబంధము కాదు; హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. చిలుకూరి వీరభద్రరావుగారు ఆంధ్రుల చరిత్రమును, కట్టమంచి రామలింగారెడ్డిగారు అర్థశాస్త్రమును తెలుగున వ్రాసిరి. పారిభాషిక పదములు లేవని వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కావలసిన పదములను కూర్చుకొని పని సాగించిరి. లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, మూడు సంపుటములు వెలువరించి, నలువదియారేండ్ల వయస్సుననే 1923 లో మరణించిరి.

అటుపిమ్మట తెలుగు పుస్తకము పెరిగినదే కాని తరుగలేదు. 1968 లో తెలుగు అకాడమి యేర్పడి, కళాశాలలలో బోధించు సంఘశాస్త్రమును, రాజనీతిశాస్త్రమును, అర్థశాస్త్రమును తెలుగున అచ్చువేసినది. 1980 లో పుట్టిన హైదరాబాదు బుక్ ట్రస్టు అమెరికాలోని నల్లవారి బానిసత్వమును కథగా చెప్పిన "ఏడుతరాలు" మొదలుకొని అనేక గ్రంథములను తెలుగుచేసి తక్కువ వెలకు అందించినది. మండలివారు బానిసత్వమును తొలగించిన అధ్యక్షుని కథ చెప్పిరి. వీరు బానిసల కథనే చెప్పిరి. ఈ నడుమ కాలములో చదువరి యెంత దూరము నడువవలసి యుండెనో ఈ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన ఉంచుకొన్నవారికి తెలియును. కావున తెలుగులో లేవను మాటను ఇకనైనను కట్టిపెట్టుదము. పుస్తకము కలదు, దానిని ఇంటిలోనికి రానిచ్చు గుమ్మము లేదు.

గుమ్మము లేని యిండ్లలోనే వెనుక కొందరు కిటికీలు తెరచుకొనిరి. లక్ష్మణరావుగారి యక్క భండారు అచ్చమాంబగారు బడి మెట్లెక్కి యెరుగరు. తమ్ముడు చదువుకొనుచుండగా ఇంటిలోనే తానును అక్షరములు నేర్చి, అటుపిమ్మట గ్రంథములు పఠించి, 1901 ప్రాంతమున "అబలా సచ్చరిత్ర రత్నమాల"ను ప్రకటించిరి. స్త్రీలు అబలలు, చపలచిత్తలు అని చెప్పువారికి ఆమె సమాధానము కోపముతో చెప్పలేదు. చరిత్రలోనికి పోయి ఒక్కొక్క స్త్రీని వెదకి తెచ్చి యెదుట నిలిపిరి. 1905 లో ముప్పది యేండ్లు దాటియు దాటకముందే ఆమె గతించిరి. అంత తక్కువ యాయుస్సులో, అన్ని తక్కువ వసతులతో ఆమె చదివినంత, నేడు పట్టభద్రులై వేతనములు తెచ్చుచున్న మన కోడండ్రును కొమార్తెలును చదువుచున్నారా? చదువుటలేదన్నచో తప్పు వారిది కాదు. ఎవరిదో ముందు చెప్పెదను.

ఇప్పుడు సంఘశాస్త్రము మాట. ఇది మన యిండ్లలో బొత్తుగా చదువబడుట లేదనుట న్యాయము కాదు. ఉద్యోగపు పోటీపరీక్షలకు కూర్చుండు యువకులు దీనిని రాత్రింబవళ్లు చదువుచున్నారు. కులవ్యవస్థ లక్షణములను వరుసగా పది చెప్పగలరు. వరకట్న నిషేధ చట్టము 1961 లో వచ్చినదని నిద్రలో లేపి అడిగినను చెప్పగలరు. ఉద్యోగము దొరకిన పిమ్మట ఆ యువకునికే సంబంధములు వచ్చును. ఆ ఉద్యోగమునకు ఇంత యని కట్నపు లెక్క కట్టుదురు. నిషేధ చట్టముపై ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకొన్నవాడు ఆ లెక్క జరుగుచుండగా తలవంచుకొని కూర్చుండును. ఇట్టివాడు సంఘశాస్త్రమును చదివెనని నేను ఒప్పుకొనను. పరీక్షకు చదివినది పరీక్షాగారములోనే వదలి వచ్చినాడు. ఉద్యోగార్థులను పరిహసించుట నా యభిప్రాయము కాదు, వారి కష్టము నెరుగుదును. వారిని ఆ విధముగా చదువుమని పంపిన గృహములతోనే నా వాదము.

ఇంటిలో చదువదగిన సంఘశాస్త్రమునకు మనయొద్ద ఉత్తమమైన యుదాహరణ మొకటి కలదు. సురవరము ప్రతాపరెడ్డిగారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" 1949 లో వెలువడినది. 1955 లో, ఆయన మరణించిన పిమ్మట, కేంద్ర సాహిత్య అకాడమి తెలుగునకు ఇచ్చిన తొలి బహుమానము దానికే లభించినది. రాజుల పేరులను, యుద్ధముల సంవత్సరములను ప్రక్కకు నెట్టి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలు ఆడిరి, ఏ పన్నులు కట్టిరి, ఏ జాతరలు చేసిరి అని ప్రతాపరెడ్డిగారు విచారించిరి. శాసనములు చెప్పనిదానిని కావ్యములనుండి పిండి తీసిరి. అలంకారములకై మాత్రమే మనము చదువు ప్రబంధములో ఆయన సంత బేరములను, వంటింటి పొగను కనుగొనిరి. అందలి యన్ని నిర్ణయములను నే నొప్పను; కొన్నిచోట్ల ఆయన యిష్టానిష్టములు చరిత్రను త్రోసికొని ముందునకు వచ్చును. అయినను పండితుడు కాని గృహస్థుడు, కథలవలె చదువుకొని పోగల సంఘచరిత్ర మరియొకటి తెలుగున దానికి సాటి వచ్చునది నాకు తోచదు.

రెండవ యుదాహరణము మనకు సిగ్గు కలిగించునట్టిది. హైదరాబాదునకు ఉత్తరమున శామీరుపేట అను గ్రామము కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున నుండిన శ్యామాచరణ దూబేగారు 1951-52 ప్రాంతమున తమ సహాయులతో ఆ గ్రామమును పరిశోధించి, అక్కడి కులముల కట్టుబాటులను, వ్యవసాయమును, పండుగలను, కుటుంబములలోని పొత్తులను పొరపొచ్చెములను వర్ణించుచు 1955 లో ఒక గ్రంథమును ఇంగ్లీషున ప్రకటించిరి. దాని పేరునకు అర్థము "భారతీయ గ్రామము" అని. భారతదేశమునుగూర్చి చదువగోరు విదేశ విద్యార్థులు అనేకులు ఆ శామీరుపేట ద్వారముననే లోపలికి వచ్చిరి. ఒక తెలుగు పల్లె ప్రపంచమునకు పాఠమైనది. ఆ పల్లె మీదుగా కరీంనగరము మార్గమున ప్రయాణము చేయు మన విద్యావంతులలో ఆ సంగతి యెరిగినవారు ఎందరు? మనలనుగూర్చి ఇతరులు చదువుచున్నారు, మనము మాత్రము చదువము. మన పల్లె మనకు తెలిసినదే గదా యని యందురు. మాలపల్లెకును ఊరికిని నడుమ ఎన్ని బారల దూరము విడువబడినది, ఆ దూరమును ఎవరు నిర్ణయించిరి అని యడుగుడు; తెలిసినదనుకొన్నది ఎంత తెలియదో బయటపడును.

మాలపల్లె యనగా ఉన్నవ లక్ష్మీనారాయణగారి నవల జ్ఞప్తికి వచ్చును. 1922 లో వెలువడనారంభించిన ఆ పుస్తకమును మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. అందలి సంగదాసు వంటి సత్పురుషులు లోకములో అరుదుగా నుందురనియు, గ్రంథకర్త తన పాత్రలకు దైవత్వమును కొంచెము ఉదారముగానే పంచిపెట్టె ననియు నా తలంపు. కాని తుపాకులు గల ప్రభుత్వము ఒక నవలకు జంకినదన్న సంగతి చాలదా, దానిని మన పిల్లల చేతికి ఇచ్చుటకు?

విద్యను గూర్చి కొంత విరివిగా చెప్పవలసియున్నది. ఏలయన, మన గృహములలో అన్నిటికంటె నెక్కువ ధనము వెచ్చింపబడునది దానికే, అన్నిటికంటె తక్కువ విచారణ జరుగునదియు దానిని గూర్చియే. పదవ తరగతి ముగియగానే పిల్లవానిని గణితశాస్త్రపు గుంపునకో, జీవశాస్త్రపు గుంపునకో తోలుదురు. అనేక కళాశాలలలో ప్రొద్దు పొడువకముందు మొదలై రాత్రి ప్రొద్దుపోవువరకు తరగతులు సాగును. పదునైదు పదునారేండ్ల యీడున, అనగా మనుష్యుడు లోకమును ప్రశ్నింపనారంభించు సమయముననే, ఆ బిడ్డకు చరిత్రయు, పౌరశాస్త్రమును నిలిచిపోవును. తెలుగు కూడ అనేకులకు అప్పుడే నిలిచిపోవును. రెండవ భాషగా సంస్కృతమును తీసికొందురు. కాళిదాసు మీది ప్రేమచేత కాదు. అందులో మార్కులు సులభముగా వచ్చునని. మాతృభాషను విడిపించి, దేవభాషను మార్కుల మూటగా చేసి, రెంటిని ఒక్క దెబ్బతో అవమానించిన విధానము ఇది. ఇంటిలో తల్లిదండ్రులు దీనిని గూర్చి ఒక్క సాయంకాలమైనను చర్చించిరా? ఫీజు కట్టుటకు గడువు ఎప్పుడని చర్చించి యుందురు.

ఇట్టి తల్లిదండ్రులకు నేను మూడు పుస్తకములు సూచింతును. మొదటిది గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకాగారు 1930 దశాబ్దపు తొలినాళ్లలో వ్రాసిన "దివాస్వప్నము". న్యాయవాదవృత్తిని విడిచి పసిపిల్లల బడికి వచ్చిన ఆ మహాశయుడు, ఒక ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిని ఒక్క యేడు తన యిష్టానుసారము నడుపుటకు అనుమతి పొందెనని కల్పించి, కథలతోను, ఆటలతోను, పరిశుభ్రతతోను చదువును ఎట్లు మొదలుపెట్టెనో చెప్పెను. ఉపాధ్యాయుని ప్రయోగములను అడుగడుగునను అడ్డువారిలో తల్లిదండ్రులు కూడ ఉండుట గమనింపుడు. ఆ పుటలలో మనము మన ముఖములను గుర్తుపట్టవచ్చును. రెండవది జపాను దేశపు తెత్సుకో కురొయనాగిగారు 1981 లో ప్రకటించిన "తొత్తోచాన్". తెలుగున "రైలుబడి" యను పేర దొరకుచున్నది. ఒక బడినుండి వెడలగొట్టబడిన అల్లరి పిల్ల, పాత రైలుపెట్టెలలో నడచు మరియొక బడిలో ఎట్లు వికసించెనో అందు కలదు. టోకియోలోని ఆ బడి 1945 లో బాంబులకు కాలిపోయినది. పిల్లలు దానిని కథగా చదువుదురు. పెద్దలు చదివినచో కొంత నిద్ర చెడును.

మూడవది కటువైనది. ఇటలీ దేశమున బర్బియానా అను కొండపల్లెలో డాన్ మిలానీ అను మతాచార్యుడు పేదరైతుల పిల్లలకు బడి నడిపెను. పరీక్షలలో తప్పి ప్రభుత్వపు బడులనుండి వెలివేయబడినవారే ఆయన శిష్యులు. ఆ పిల్లలు కూడి, తమను తప్పించిన ఉపాధ్యాయురాలికి వ్రాసినట్లుగా 1967 లో ఒక లేఖను గ్రంథముగా ప్రకటించిరి. ఏ తరగతిలో ఎవరి బిడ్డలు తప్పుచున్నారో వారు స్వయముగా లెక్కలు కూర్చి చూపిరి: తప్పువారు తెలివి తక్కువవారు కారు, సొమ్ము తక్కువవారు. మన బిడ్డ ఉత్తీర్ణుడైనప్పుడు అది వాని మేధావిశేషమనియు, పనిమనిషి బిడ్డ తప్పినప్పుడు అది వాని తలవ్రాత యనియు అనుకొను అలవాటు మనకు కలదు. ఆ యలవాటునకు ఈ పుస్తకము మందు. మింగుటకు చేదుగా నుండును.

రాజకీయమును గూర్చి చెప్పుటకు జంకు కలుగుచున్నది, ఏలయన తెలుగు గృహములలో అది కావలసినదానికంటె నెక్కువగానే యున్నది. కాని యున్నది రాజకీయము కాదు, కక్షలు. ఎవడు ఎవనిని తిట్టెను, ఏ నాయకుడు ఏ పక్షమునుండి ఏ పక్షమునకు గంతువేసెను అను వార్త సెల్‌ఫోనులో పుట్టి సెల్‌ఫోనులో చచ్చును. రాజ్యాంగము తెలుగున అచ్చయి యున్నది. 1949 నవంబరు 26 న దానిని అంగీకరించిన సభలో మన రాజమహేంద్రవరమున పుట్టిన దుర్గాబాయమ్మగారు ఒక సభ్యురాలు. పంచాంగము లేని తెలుగు ఇల్లు అరుదు. రాజ్యాంగము గల ఇల్లు అంతకంటె అరుదు. దుర్ముహూర్తములు మనకు కంఠస్థములు, హక్కులు మాత్రము వకీలు చెప్పవలెను.

వాదించుట యెట్లో తెలియగోరువారు డాక్టరు అంబేద్కరుగారి "కులనిర్మూలన" చదువవలెను. దాని పుట్టుకయే ఒక పాఠము. కులమును తెంపుటకని స్థాపింపబడిన లాహోరులోని జాత్‌పాత్ తోడక్ మండలివారు 1936 లో తమ వార్షికసభకు ఆయనను అధ్యక్షునిగా పిలిచిరి. ఉపన్యాసమును ముందుగా చూచి, అందలి మాటలు తమకు మింగుడుపడక, కొన్నిటిని తీసివేయుడని కోరిరి. ఆయన కామా యైనను మార్పననెను, సభ ఆగిపోయెను. చేయని ఆ యుపన్యాసమును ఆయన తన ఖర్చుతో 1500 ప్రతులు అచ్చువేసెను. గమనింపుడు: ఆయన నోరు మూయించినవారు సనాతనులు కారు, సంస్కర్తలు. ఈ పత్రికను చదువు మనవంటివారే. అటుపిమ్మట గాంధీగారు తమ పత్రికలో దానిని విమర్శింపగా, అంబేద్కరుగారు 1937 నాటి రెండవ కూర్పులో ఆ విమర్శను యథాతథముగా చేర్చి, దాని క్రింద తమ ప్రత్యుత్తరమును అచ్చువేసిరి. ఎదిరి మాటను పూర్తిగా వినిపించి, పిమ్మట తన మాట చెప్పుట! ఈ మర్యాద మన శాసనసభలలో కాదు, మన భోజనపు బల్లలయొద్దనైనను కలదా?

చదువునకును ఇంటి తగవునకును సంబంధమున్నదని మొదట అంటిని. దానికి నిదర్శనముగా ఆస్తి సంగతి చెప్పెదను. హిందూ స్త్రీల యాస్తిహక్కును క్రమపరచు బిల్లు సాగకపోవుట ముఖ్యకారణముగా అంబేద్కరుగారు 1951 లో మంత్రిపదవికి రాజీనామా ఇచ్చిరి. 1956 లో వారసత్వ చట్టము వచ్చినది. అయినను ఉమ్మడి ఆస్తిలో కొమార్తెకు కొమారునితో సమానమైన పుట్టుహక్కు రాలేదు. ఆ హక్కును దేశమంతటికి 2005 లో ఇచ్చిరి. అంతకు ఇరువది యేండ్లు ముందుగానే, 1985 నుండియే, ఆంధ్రప్రదేశమున అప్పటికి పెండ్లికాని కొమార్తెలకు చట్టము దానిని ఇచ్చియున్నది. మనము గర్వింపదగిన సంగతి ఇది. కాని జరుగుచున్నదేమి? పెండ్లినాడు కట్నము తీసికొన్నది గదా యని చెప్పి, అన్నదమ్ములు చెల్లెలిని రిజిస్ట్రారు కచేరీకి తోడ్కొని పోయి, హక్కు విడుదల దస్తావేజు మీద సంతకము చేయించుచున్నారు. ఆమె పట్టభద్రురాలై యుండవచ్చును. సంతకము పెట్టుచున్న కాగితము ఏమి చెప్పుచున్నదో ఆమెకు తెలియును. దాని వెనుక నలువది యేండ్ల చట్టమును, దానికై పోరాడినవారి శ్రమయు ఉన్నవని తెలియదు. పుట్టింటి బీరువాలో ఆ సంగతి చెప్పు చిన్న పుస్తకము ఒక్కటి యున్నచో కచేరీకి పోవుటకు ముందు ఆమె అన్నను ఒక మాట అడిగి యుండును. ఆ యొక్క మాటకు జంకియే మన బీరువాలకు తాళములు పడినవి.

సంస్కృతి యను పదమును మనము వాదమును ముగించుటకు వాడుచున్నాము. "ఇది మన సంస్కృతి కాదు" అన్నచో ఎదుటి పిల్ల నోరు మూసికొనవలెను. నిజముగా సంస్కృతిని గూర్చి చదివినవాడు ఇంత ధైర్యముతో ఆ మాట అనలేడు. మన సంస్కృతికి జెండా యని చెప్పుకొను ఆవకాయనే తీసికొనుడు. మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి వెంట పదునారవ శతాబ్దమున మన దేశమునకు వచ్చినది. శ్రీనాథుడు మిరపకాయను ఎరుగడు. ఆయన నోరు మండినది మిరియముతోనే. వచ్చినదానిని మనది చేసికొన్న వంటయిల్లు, క్రొత్త యాలోచనను మాత్రము గుమ్మములోనే నిలిపి కులగోత్రములు అడుగుచున్నది. ఇక మన చరిత్రలోనుండి జారిపోయినవారి మాట వినగోరినచో, స్త్రీశక్తి సంఘటనవారు 1986 లో ప్రకటించిన "మనకు తెలియని మన చరిత్ర"ను చదువుడు. తెలంగాణా సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీలు తమ నోట చెప్పిన కథలు అందు కలవు. పోరాటములో తుపాకి పట్టనిచ్చినవారే, పోరాటము ముగియగానే వంటింటికి పొమ్మన్న సంగతిని ఆ తల్లులు ఏ యాడంబరము లేకుండ చెప్పిరి.

పుస్తకములు కొనుటకు డబ్బు లేదను కుటుంబములతో నాకు తగవు లేదు. కాని వారు ఇదివరకే డబ్బు చెల్లించియున్నారని వారికి తెలియదు. 1960 నాటి పౌరగ్రంథాలయముల చట్టము ప్రకారము ఇంటిపన్నులో రూపాయకు ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపు సెస్సు మనవద్ద వసూలగుచున్నది. రసీదు తీసి చూచుకొనుడు. ఆ సొమ్మునకు ప్రతిఫలముగా మీ యూరి శాఖాగ్రంథాలయమున ఏ పుస్తకములు ఉండవలెనో కోరు హక్కు మీకు కలదు. 1935 లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలలో పడవమీద పుస్తకములు పెట్టుకొని పల్లెపల్లెకు త్రిప్పిరి. అప్పుడు పుస్తకము చదువరిని వెదకుకొని వచ్చెను. నేడు మనము నాలుగు వీధులు నడచి పోయి, పైని చెప్పిన పుస్తకములలో రెండింటి పేరులు వ్రాసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపుడని ఆ గ్రంథపాలకునికి ఇచ్చుటకు బద్ధకించుచున్నాము. పదిమంది గృహస్థులు వేర్వేరుగా ఒకే పుస్తకమును కోరినచో ఏ కచేరీ యైనను దానిని బొత్తిగా త్రోసివేయుట కష్టము.

చివరకు మిగిలినది తీరిక. మన కోడండ్రు, కొమార్తెలు చదువకుండుటకు కారణము ముందు చెప్పెదనంటిని. కచేరీనుండి మగవాడు వచ్చి కాళ్లు చాచుకొని వార్తలు చూచును. కచేరీనుండియే వచ్చిన స్త్రీ పొయ్యి ముట్టించును. రాత్రి పది గంటలకు ఆమె చేతికి పుస్తకము ఇచ్చి, "మా యింటిలో స్త్రీలకు చదువుకొను స్వేచ్ఛ యున్నది" అని సభలలో చెప్పుకొనుటకంటె మోసము మరొకటి లేదు. పది గంటల రాత్రి ఇచ్చు స్వేచ్ఛతో నిద్రపోవుట తప్ప ఏమి చేయగలరు?

కావున నా పట్టికకు ముందు ఒక చిన్న యేర్పాటు కావలెను. వారమునకు మూడు రాత్రులు, భోజనములైన వెంటనే, ఇంటివారందరును ఒకచోట చేరుటయు, ఒకరు గట్టిగా చదువుటయు, మిగిలినవారు వినుటయు. మొదటి పుస్తకముగా "రైలుబడి"ని పెట్టుకొనుడు, పిల్లలు కూడ కూర్చుందురు. అది ముగిసిన పిమ్మట ప్రతాపరెడ్డిగారి చరిత్రనుండి మీ జిల్లాకు దగ్గరయైన ప్రకరణమును ఎంచుకొనుడు. "కులనిర్మూలన" వద్దకు వచ్చుసరికి నెల రెండు నెలలు పట్టును. అప్పటికి ఇంటిలో ఎవరికి ఎవరు ఎదురు చెప్పగలరో కొంత తేలియుండును. చదువునట్టి పని ఆ యింటి గృహిణికి అప్పగింపుడు. ఆమె చదువుచుండగా వంటింటిలోని గిన్నెలు ఎవరు తోమవలెనో మొదటి రాత్రియే తేల్చుకొనవలసి వచ్చును.